‘కాదు’ మీద తెల్లరంగు

హెట్టీ క్లెగ్ వయసు ఎనిమిదేళ్ళని పిల్లల పత్రికలో అచ్చుపడిన నాటికి ఆమెకి అరవై మూడు నిండి నాలుగు నెలలు. నలభై ఏళ్ళకు పైగా మగ్గాల షెడ్డులో నిలబడ్డ మనిషి. మొగుడు విల్ఫ్ పోయి మూడేళ్ళయింది. వాన వస్తుందంటే ఆకాశం కన్నా ముందు ఆమె మోకాళ్ళు చెబుతాయి. అలాంటి మనిషిని పట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్లని చేశారు. అదొక్కటే అయితే నవ్వి ఊరుకునేది. అంతకంటే పెద్ద పని చేశారు. ఆమె రాసిన మాటని తుడిచేశారు.

హెట్టీకి చదువు రాదు. లండన్‌కి దూరంగా ఉత్తరాన ఉన్న బర్న్‌లీ ఊరు మొత్తంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే: మొగుడు, మిల్లులో పక్క మగ్గం ఐవీ షాక్రాస్. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి ఒక ఏడాది బడి పోయింది. తర్వాత తల్లి మంచాన పడితే తమ్ముళ్ళని చూసుకోవడంతో ఇంకో రెండేళ్ళు పోయాయి. పద్నాలుగో ఏట మిల్లులో చేరింది. మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్ళంతా గొంతు పెగల్చకుండా, నోరు బాగా సాగదీసి, పెదవులతోనే మాట్లాడుకునేవారు. షెడ్డు ఆ చివరనున్న మనిషి ఈ చివరనున్న మనిషికి తన అత్తగారి గురించి మొత్తం చెప్పేసేది. హెట్టీ ఎవరి పెదవులైనా ముప్పై అడుగుల దూరం నుంచి చదివేది. కాగితం మాత్రం చదవలేదు. ఎవరైనా చేతికి కాగితం ఇస్తే, "అయ్యో, కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయానమ్మా, కాస్త నువ్వే చదువు" అనేది. ఆమెకి అసలు కళ్ళద్దాలే లేవు. లేని కళ్ళద్దాలని నలభై ఏళ్ళు మర్చిపోతూ వచ్చింది.

విల్ఫ్ పోయినప్పుడు ఓదార్పు కార్డులు ఇరవై రెండు వచ్చాయి. వాటిని చలిమంట గూటి పైన వరసగా నిలబెట్టుకుంది. ఐవీ వచ్చి ఒక్కొక్కటీ చూస్తూ, మధ్యలో ఆగింది.

"ఒసేయ్ హెట్టీ, ఇది పుట్టినరోజు కార్డే! పక్కింటి నార్మన్‌కి వచ్చింది పొరపాటున ఇక్కడ పడింది. వాడికి నలభై నిండాయని నువ్వు వారం రోజులుగా ఏడుస్తున్నావు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఐవీ వెళ్ళిపోయాక హెట్టీ ఒక్కతే కూర్చుని ఏడ్చింది. విల్ఫ్ కోసం కాదు. మొగుడు చదివినా, ఐవీ చదివినా, వాళ్ళు ఏం చెబితే అదే నమ్మాలి. తనే చదువుకోగలిగితే ఇక ఎవరూ ఒకటి ఉంటే ఇంకొకటి చెప్పలేరు. అచ్చులో ఉన్నది ఎవరు చూసినా అదే చెబుతుంది కదా. ఆమెకి కావలసింది అంతే.

మిల్లు మూతపడ్డాక ట్విగ్ గారి పేపరు కొట్లో పొద్దున్నే నేల తుడిచే పనికి కుదిరింది. 1978 ఫిబ్రవరిలో ఒక గురువారం, కట్టల్లో ఒక కొత్త పిల్లల వారపత్రిక వచ్చింది. పేరు రంపస్. మొదటి సంచికకి రబ్బరు సాలీడు ఉచితం. సాలీడు ఊడిపోయిన కాపీ ఒకటి కింద పడితే ట్విగ్ దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళు హెట్టమ్మా, మనవలకి."

ఆమెకి మనవలు లేరు. పిల్లలే లేరు. అయినా తీసుకుంది.

అందులో అన్నీ బొమ్మల కథలే. ఒక్కో కథ ఒక పేజీ. చచ్చిపోయిన కండక్టరు టిక్కెట్లు కొట్టే దయ్యం బస్సు ఒకటి. మంచం దిగకుండా బడికెళ్ళే ఉపాయాలు కనిపెట్టే బద్ధకం బెర్ట్ ఒకడు. అన్నిటికన్నా ముందు, అట్ట మీదే, గొంతు గ్లాడిస్. ఈ పిల్ల నోరు తెరిస్తే కిటికీ అద్దాలు పగులుతాయి, పాలసీసాలు పగులుతాయి, హెడ్మాస్టరు గారి కట్టుడు పళ్ళు ఊడి టీ కప్పులో పడతాయి. ఆమె మాటలు గళ్ళలో పట్టవు. గీతలు దాటి పక్క గడిలోకి దొర్లుతాయి. కథ ఎటు తిరిగినా చివరి గడిలో అయితే చెప్పు దెబ్బలు, లేకపోతే బంగాళాదుంప ముద్ద కొండంత పోసి అందులో సాసేజీలు గుచ్చిన విందు. మగ్గాల మోతకి సగం చెవుడొచ్చిన హెట్టీకి, తన దాకా వినబడే పిల్ల దొరికినట్టయింది.

ఇంకో సంగతి. అందులో ఇంగ్లీషు అక్షరాలన్నీ పెద్దక్షరాలే, అన్నీ క్యాపిటల్సే. బొమ్మల నోళ్ళలోంచి వచ్చే బుడగల్లో ఎవరో ఓపిగ్గా చేత్తో రాసినవి. ఆర్ అక్షరం కాలు బంతిని తన్నబోతున్నట్టు ముందుకు చాచి ఉండేది. కె అక్షరం నడుం వంచి నవ్వుతున్నట్టుండేది. ఐవీ ఎదురు కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, షెడ్డులో లాగే నోరు సాగదీసి చప్పుడు లేకుండా పలికేది. హెట్టీ పెదవులు చూసి, అక్షరం చూసి, రెండూ కలుపుకునేది. ఆమె తనంతట తాను చదివిన మొట్టమొదటి మాట "ధడేల్". బెర్ట్ మంచం మెట్ల మీంచి జారిన చోట రాసి ఉంది. ఆ మాట చదివినప్పుడు మంచం పడ్డ చప్పుడు ఆమెకి నిజంగానే వినబడింది.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి గురువారమూ నేల తుడిచి, బకెట్ పక్కన పెట్టి, నిమ్మసోడా పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని రంపస్ చదివేది. మొదట వారానికి ఒక బుడగ. తర్వాత ఒక గడి. జూలై కల్లా ఒక పేజీ. చిన్నక్షరాల జోలికి పోలేదు. అవి వేరే మనుషులవనుకుంది.

ముప్పై ఒకటో సంచిక వచ్చింది. అట్ట మీద గ్లాడిస్ రెండు చేతులూ చాపి అరుస్తోంది. అట్ట మొత్తాన్ని హెట్టీ ఎవరి సాయమూ లేకుండా చదివింది.

"శుభవార్త, నేస్తాలూ! గొప్ప శుభవార్త! లోపల చూడండి!"

చీపురు అక్కడే వదిలేసి మూడు వీధులు దాటి ఐవీ ఇంటికి వెళ్ళింది. "శుభవార్తటే! నేనే చదివాను! అంతా నేనే చదివాను!"

లోపలి సంగతి చిన్నక్షరాల్లో ఉంది. ఐవీ చదివి చెప్పింది. "వచ్చేవారం నుంచి రంపస్, గ్రిన్నర్ కలిసిపోతున్నాయట. రెట్టింపు సరదా అట."

గ్రిన్నర్ అంటే ట్విగ్ కొట్లో ఎప్పటినుంచో ఉన్న పాత పత్రిక. రెండు కలిస్తే పెద్దదవుతుందని హెట్టీ లెక్క. ఆ వారమంతా పెళ్ళివారింటి మనిషిలా తిరిగింది.

ఆ తర్వాతి గురువారం కట్ట విప్పితే గ్రిన్నర్ వచ్చింది. పేరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో "రంపస్‌తో కలిసి" అని ఉంది. గ్లాడిస్ లేదు. బెర్ట్ లేడు. దయ్యం బస్సు ఉంది, అదీ ముప్పాతిక పేజీయే. బుడగల్లో అక్షరాలు మిషను కొట్టినవి, పెద్దవీ చిన్నవీ కలిపి. హెట్టీకి ఒక్క వరసా పూర్తిగా అందలేదు.

"ట్విగ్ గారూ, రంపస్ ఏదండీ?"

"నీ చేతిలో ఉన్నది అదేగా?"

"ఇది గ్రిన్నరు. నాకు రంపస్ కావాలి. శుభవార్త అన్నారు కదా."

ట్విగ్ జాలిగా చూశాడు. "మా వ్యాపారంలో ఇది అందరికీ తెలిసిందే హెట్టమ్మా. పిల్లల పత్రిక అట్ట మీద శుభవార్త అని పడిందంటే ఆ పత్రిక చచ్చిందని అర్థం. చచ్చినదాన్ని తీసుకెళ్ళి బతికున్నదాని తోకకి కడతారు. ఓ ఆరునెలలు పేరు మూలన ఉంచుతారు, తర్వాత అదీ ఊడబీకుతారు."

"మరి చచ్చిందనే రాయొచ్చుగా?"

"అలా రాస్తే రెండోది ఎవరు కొంటారు?"

"అంటే పిల్లలతో అబద్ధమా?"

"పిల్లలేగా" అన్నాడు ట్విగ్, సిగరెట్టు పెట్టెలు సర్దుకుంటూ.

హెట్టీకి ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళు అందరి నోటిమాటా నమ్మి బతికింది. అచ్చులో ఉన్నది ఎవరూ మార్చలేరని, ఈ వయసులో వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. తీరా తను స్వంతంగా చదివిన మొట్టమొదటి అట్టే అబద్ధం.

నాలుగు మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాసింది. జీవితంలో మొదటి ఉత్తరం. పాత రంపస్ పక్కన పెట్టుకుని, అందులో అక్షరాలు ఎలా ఉంటే అలాగే, ఆర్ కాలు చాచి, కె నడుం వంచి రాసింది. ఐవీని దగ్గరికి రానివ్వలేదు. కవరు మీద చిరునామా ఒక్కటే ఐవీ చేత రాయించింది.

"ఎడిటర్ గారికి. మీరు శుభవార్త అన్నారు. అది శుభవార్త కాదు. గ్లాడిస్ ఎక్కడ. చదవడం నేను గ్లాడిస్ దగ్గర నేర్చుకున్నాను. ఇట్లు హెట్టీ క్లెగ్, బర్న్‌లీ."

ఏడు గురువారాలు చూసింది. ఎనిమిదో గురువారం గ్రిన్నర్ తిప్పుతుంటే ఉత్తరాల పేజీలో తన చేతిరాత కనబడింది. ఉత్తరాన్ని ఫొటో తీసినట్టు ఉన్నదున్నట్టు వేశారు. వేలు పెట్టి చదువుకుంది.

"ఎడిటర్ గారికి. మీరు శుభవార్త అన్నారు. అది శుభవార్త             ."

అంతే. "కాదు" ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. ఖాళీ అవతల తను పెట్టిన చుక్క మాత్రం ఒంటరిగా ఉంది, దాన్ని తుడవడం మర్చిపోయారు. కింది వరసలు కత్తిరించేశారు. ఆ కింద చిన్నక్షరాల్లో ఇంకేదో ఉంది. ఐవీ దగ్గరికి వెళ్ళింది.

ఐవీ చదివింది. చదివి, చదవనట్టు పేజీ మడవబోయింది.

"ఏం రాశారో చెప్పు."

"వదిలెయ్యవే."

"చెబుతావా, చెప్పవా?"

"హెట్టీ క్లెగ్, వయసు ఎనిమిదట. 'చూశారా నేస్తాలూ, మన చిన్నారి హెట్టీకి ఎంత సంతోషమో! నీకో బ్యాడ్జీ పంపుతున్నాం తల్లీ! ఇట్లు గ్రిన్ మామయ్య' అని ఉంది."

హెట్టీ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. అవి ఏమన్నాయో ఐవీకి తెలిసింది, కానీ ఎవరికీ చెప్పలేదు.

"రేపు లండన్ బస్సు ఎన్నింటికి?" అంది చివరికి.

"నీకేమైనా పిచ్చా? ఒక మాట కోసం లండనా?"

"ఎన్ని మాటలు పోతే వెళ్ళాలంటావ్?"

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. ఐవీ ఒక ఫ్లాస్కు టీ, చీజ్ పెట్టిన రొట్టెలు కట్టుకుంది. పత్రిక ఆఫీసు నది పక్కన అద్దాల మేడ. కింద బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తల పైకెత్తకుండానే అడిగింది.

"ఎవరు కావాలండీ?"

"గ్రిన్ మామయ్య."

"మీ పేరు?"

"హెట్టీ క్లెగ్. వయసు ఎనిమిది."

ఆ అమ్మాయి అప్పుడు తలెత్తింది.

మూడో అంతస్తులో గ్రిన్ మామయ్య దొరికాడు. అసలు పేరు జెఫ్రీ పెల్. పాతికేళ్ళుంటాయేమో, గడ్డం ఇంకా సరిగా కుదురుకోలేదు. హెట్టీని, ఐవీని మార్చి మార్చి చూసి, "మనవరాలు రాలేదాండీ?" అన్నాడు.

"మనవరాలు లేదు. ఆ ఉత్తరం నేను రాశాను."

"మీరా?" అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "పెద్దక్షరాల్లో ఉంది కదండీ! పైగా చదవడం గ్లాడిస్ దగ్గర నేర్చుకున్నానని రాశారు. ఇంకేమనుకుంటాం? కవరు మీది చిరునామా వాళ్ళమ్మ రాసిందనుకున్నాం."

"ఎవరయ్యా అమ్మ? నేనా?" అంది ఐవీ.

"సరే, వయసు తెలీలేదు. ‘కాదు’ అని ఉన్నది కూడా తెలీలేదా నాయనా?" అని అడిగింది హెట్టీ.

పెల్ గడ్డం గోక్కున్నాడు. "ఒక్క నిమిషం కూర్చోండి. మా చీఫ్‌తో మాట్లాడొస్తా."

చీఫ్ గది అద్దాల గది. తలుపు మూశారు. మూస్తే ఏం? మాట బయటికి రాకపోయినా పెదవులు కనబడుతున్నాయి. హెట్టీ, ఐవీ బల్ల మీద పక్కపక్కనే కూర్చుని చూశారు. పెల్ అంటున్నాడు: "ముసల్ది బర్న్‌లీ నుంచి ఊడిపడింది సార్, ఒక మాట తుడిచామని." చీఫ్ ఏదో సంతకం పెడుతూ అన్నాడు: "బుర్ర తిరిగినట్టుంది. ఓ బ్యాడ్జీ, ఓ దయ్యం బస్సు పోస్టరు ఇచ్చి బస్సెక్కించెయ్. టీ ఇవ్వకు, కూర్చుండిపోతారు."

పెల్ మొహం నిండా నవ్వు పులుముకుని బయటికొచ్చాడు. నోరు తెరిచేలోపలే హెట్టీ లేచి నిలబడింది.

"బ్యాడ్జీ వద్దు. పోస్టరూ వద్దు. బుర్ర తిరిగింది నాక్కాదు. టీ మేం తెచ్చుకున్నాం."

పెల్ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి తలుపు చూశాడు, అది మూసే ఉంది.

"నా ఉత్తరం మీద చెయ్యి వేసిందెవరు? ఆ మనిషిని చూపించు" అంది హెట్టీ.

ఇక ఆమెని ఆపడం తన వల్ల కాదని పెల్‌కి అర్థమైంది. గది చివర కిటికీ పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడ వంచిన బల్ల ముందు ఊలు స్వెట్టరు వేసుకున్న ముసలాయన, హెట్టీ ఈడువాడే, సన్నటి కుంచె తెల్లరంగులో ముంచి పని చేసుకుంటున్నాడు. ఎవరో గీసిన బొమ్మల పేజీ మూలన చిన్న సంతకం ఉంది. దాని మీద తెల్లరంగు పూస్తున్నాడు.

"సిరిల్, ఈవిడే హెట్టీ క్లెగ్."

సిరిల్ డాబ్నీ కుంచె పక్కన పెట్టి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నిజంగా ఉన్నారన్నమాట! నేను నమ్మలేదు చూడండి. ఆ ఉత్తరం చూడగానే, ఆఫీసులో ఎవడో నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆ ఆర్ కాలు నాది. ఆ కె నడుము నాది. నా రాతని అచ్చం నాలాగే రాశాడెవడో అని మూడు రోజులు అందరితో గొడవపడ్డాను."

హెట్టీ అతని వేళ్ళ వంక చూసింది. చూపుడువేలు చివర సిరా మరక పాతదై చర్మంలోకి ఇంకిపోయి ఉంది.

"గ్లాడిస్ మాటలు రాసింది మీరా?"

"గ్లాడిస్‌వి, బెర్ట్‌వి, దయ్యం బస్సువి. రంపస్ మొత్తం. ముప్పై ఒక్క వారాలూ నా చెయ్యే."

"నేను మీ దగ్గరే నేర్చుకున్నానండీ" అంది హెట్టీ. "అరవై మూడేళ్ళొచ్చాక. మీ అక్షరాలు చూసే."

సిరిల్ మొహం వెలిగిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకుని, ఇంకా వినాలన్నట్టు చూశాడు. ఆ వెలుగు చూశాక హెట్టీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి నా ‘కాదు’ తుడిచిందెవరు?"

అతను కుంచె వంక చూశాడు. "నేనే" అన్నాడు మెల్లిగా. "తుడవమన్నారు, తుడిచాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పనమ్మా. బొమ్మ గీసినవాడు మూలన పేరు పెట్టుకుంటే తుడవాలి. ఎవడి పేరూ బయటికి పోకూడదు. నా పేరు మాత్రం మీరెక్కడైనా చూశారా?"

"నీ పేరు తుడిచారని నా మాట తుడుస్తావా?"

మిల్లులో ఆమె గొంతు ఎప్పుడూ వాడలేదు. అదంతా లోపల అలాగే ఉన్నట్టుంది. గదిలో ఇరవై తలలు పైకి లేచాయి. అద్దాల గదిలో చీఫ్ కూడా పెన్ను ఆపాడు.

"పేరు తుడిస్తే మనిషి కనబడడు, అంతే. మాట తుడిస్తే మనిషి అబద్ధాలకోరవుతాడు! నేను శుభవార్త అన్నానని ఊరూరా పిల్లలు చదువుకున్నారు. నేను అలా అన్లేదు. కాదన్నాను! పిల్లలకి అబద్ధం చెప్పింది మీరు. కాదన్నందుకు నన్ను కూడా మీలో కలిపేసుకున్నారు. నా చేతిరాతతో! నాకు వచ్చింది అదొక్కటే, ఆ నాలుగు ముక్కలు రాయడం. దాన్ని కూడా పట్టుకెళ్ళి మీ అబద్ధానికి అంటించారు. సిగ్గులేదూ?"

సిరిల్ సొరుగు లాగి ఒక దస్త్రం తీశాడు. అందులోంచి ఆమె ఉత్తరం బయటికొచ్చింది. క్షవరం బ్లేడు తీసుకుని, ఊపిరి బిగబట్టి, తెల్లరంగుని పొరపొరగా గీకాడు. రంగు పొడి రాలింది. కింద సిరా చెక్కుచెదరలేదు. "కాదు" బయటపడింది.

"హమ్మయ్య!" అన్నాడు పెల్. "బాగుంది కదండీ? తీసుకెళ్ళి ఫ్రేము కట్టించుకోండి."

"నాకెందుకు? ఇందులో ఏముందో నాకు తెలుసు. తెలియనివాళ్ళకి చూపించు. వచ్చేవారం అచ్చెయ్యి."

"వచ్చే ఆరువారాలవి ఇప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయాయండీ. ఆ తర్వాతైనా చీఫ్ ఒప్పుకోరు. పత్రిక మూసేశామని మేమే మా పత్రికలో ఎలా వేసుకుంటాం?"

"మూశారు కదా?"

"మూశామండీ."

"మరి?"

సిరిల్ తన రాతపెన్ను గుడ్డతో తుడిచి ఆమె వైపు చాచాడు. "కనీసం ఇదన్నా తీసుకోండమ్మా."

"నాకు ఇంట్లో పెన్నుంది" అంది హెట్టీ. ఉత్తరం అందుకుని, మళ్ళీ అతని బల్ల మీదే పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉండనీ. కళ్ళెదురుగా అంటించుకో. ఈసారి ఎవరి మాటన్నా తుడవమన్నప్పుడు ముందు దీన్ని చూడు, తర్వాత కుంచె ముంచు."

తిరుగు బస్సులో ఐవీ కాళ్ళు చాపుకుని, చివరి రొట్టె సగం చేసి ఇచ్చింది.

"పోస్టరు తెచ్చుకోవాల్సిందే. మా దొడ్డి గోడ బీటకి అడ్డం పెట్టుకునేదాన్ని."

హెట్టీ వినలేదు. ఒళ్ళో గ్రిన్నర్ తెరిచి ఉంది. ఖాళీ చోటు మీద బొటనవేలు ఆనించి చూస్తోంది. ఆ ఖాళీ సరిగ్గా ఆమె మాటంత ఉంది, ఒక అక్షరం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఐవీ, పిల్లలు గ్రిన్నర్ ఎప్పుడు కొంటారు?"

"శనివారం. చేతిఖర్చు ఇచ్చేది ఆ రోజేగా. ఏం?"

"ఏం లేదు. రొట్టె బాగుంది."

శనివారం పొద్దున ట్విగ్ కొట్టు తలుపు తీసేసరికి హెట్టీ గుమ్మం ముందు నిలబడి ఉంది. బకెట్ ముట్టుకోలేదు. తిన్నగా వెళ్ళి అరలోంచి గ్రిన్నర్లన్నీ దించింది. పద్నాలుగున్నాయి. గల్లా బల్ల మీద పరుచుకుని, ఉత్తరాల పేజీ తీసి, నల్లసిరా పెన్నుతో ఖాళీలో "కాదు" అని రాసింది. చుక్క ముందే ఉంది కాబట్టి మళ్ళీ పెట్టనవసరం లేకపోయింది. కింద ఎనిమిది కొట్టేసి అరవై మూడు వేసింది. ఆరేదాకా ఊది, రెండోది తెరిచింది.

"హెట్టమ్మా! ఏం చేస్తున్నావు? సరుకు పాడుచేస్తున్నావు!"

"పాడయ్యే వచ్చింది. బాగుచేస్తున్నా."

"నీదనుకున్నావా అది?"

"ఇక్కడ చూడండి. క్లెగ్ అని ఉంది. ఇంకే క్లెగ్ రాసింది దీన్ని?"

"పిల్లల తల్లులొచ్చి నన్నడుగుతారు."

"అడిగితే నన్ను చూపించండి. నేలే తుడుస్తుంటాగా, ఎక్కడికీ పోను."

ట్విగ్ ఒక కాపీ తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఏది అచ్చో ఏది పెన్నో అతనికి తేడా తెలియలేదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. వీధిలో అప్పుడే పిల్లల గొంతులు మొదలయ్యాయి. హెట్టీ తల ఎత్తలేదు. తొమ్మిది, పది, పదకొండు. చెయ్యి నొప్పెడితే విదిలించుకుని మళ్ళీ రాసింది.

పద్నాలుగోది మూసేసరికి గల్లా కింద ఏదో జరిపిన చప్పుడైంది. ట్విగ్ ఒక కట్ట పైకెత్తి ఆమె ముందు పెట్టాడు. ఒక్కో దాని మూలన పెన్సిలుతో ఇంటి నంబరు వేసి ఉంది.

"ఇవి శనివారం ఆర్డరు కాపీలు. తొమ్మిదింటికల్లా ఇళ్ళకి వెళ్ళాలి" అన్నాడు, ఆమె వంక చూడకుండా. "కానియ్యి మరి, టైమవుతోంది."

హెట్టీ కట్ట తాడు విప్పింది.